ఇవాళ ఏం కూరండీ?

నా చిన్నప్పుడు నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి కాలు ఒకచోట నిలవకపోవడం, రెండోది నోరు నిలవకపోవడం. మొదటిది మోకాళ్ళ నొప్పులొచ్చాక దానంతటదే పోయింది. రెండోదాన్ని మా తాతయ్య కుదిర్చారు. మందు వేసి కాదు, తిట్టీ కాదు. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

మా తాతయ్యకి తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు ఉండేది. ధాన్యం అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, రైలు దిగిన పొరుగూళ్ళ వాళ్ళు, కొల్లేటి లంకల నుంచి పెళ్ళి బట్టలకి వచ్చిన వాళ్ళు, అందరూ ఆ గుమ్మం ఎక్కేవారు. ఎవరొచ్చినా తాతయ్య గబుక్కున గుడ్డ తాను విప్పేవారు కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, గజంబద్ద ఒళ్ళో పెట్టుకుని, "ఇవాళ ఏం కూరండీ?" అని అడిగేవారు. కొత్తవాళ్ళు తెల్లబోయేవారు. చీర కొనడానికి వస్తే కూర సంగతెందుకనిపించదూ మరి!

అందులోనే ఉండేది ఆయన కిటుకంతా. ఆనపకాయ అంటే మన చుట్టుపక్కల వాళ్ళే. అదే కాయని సొరకాయ అంటే కృష్ణ దాటి వచ్చారన్నమాట. మన గోంగూరని పుంటికూర అంటే తెలంగాణ వాళ్ళు. ఎర్రగడ్డ వేసి వండామంటే సీమ వాళ్ళు, అది మన ఉల్లిపాయే. ఇక చేపల పులుసు అన్నవాళ్ళని ఏ చేప, ఎలా వండారు అని ఇంకో రెండు మాటలు అడిగి, కొల్లేటికి ఈ ఒడ్డో ఆ ఒడ్డో చెప్పేసేవారు. మా ఇంట నీచు గుమ్మం తొక్కదు. జన్మలో చేప రుచి చూడని మనిషి అన్ని చేపల పేర్లు నేర్చుకున్నారని మా మామ్మ ముక్కుమీద వేలేసుకునేది. ఊరు తెలిస్తే గుడ్డ తెలుస్తుందని తాతయ్య లెక్క. కొల్లేటి వాళ్ళకి బురద మరక కనబడని ముదురు నీలాలు దించేవారు. మా చుట్టుపక్కల రైతుల ఇళ్ళలోవాళ్ళకి పెద్ద అంచు ఉండాలి. దూరం నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన ఆడవాళ్ళకి వాళ్ళ పుట్టింటి వైపు కట్టే రంగు ఏదో వెతికి తీసి, మాట్లాడకుండా ముందు పెట్టేవారు. వాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి.

బడి లేనప్పుడల్లా నేను ఆయన పక్కన చేరేదాన్ని. వచ్చినవాళ్ళది ఏ వైపో చెవిలో చెప్పాలి. సరిగ్గా చెబితే ఒక బెల్లం జీడి. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి పదిలో ఎనిమిది జీళ్ళు నావే. అంతేకాదు, విన్న యాస విన్నట్టు అనేసేదాన్ని. గుంటూరు ఆవిడ వెళ్ళగానే గుంటూరు ఆవిడలా, సీమ ఆయన వెళ్ళగానే సీమ ఆయనలా. గుమాస్తాలు కడుపుబ్బ నవ్వేవారు. తాతయ్య మాత్రం నవ్వేవారు కాదు. నేను గమనించలేదు.

కొట్టు అరుగు మీద ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుట్టేది. మిషను మాదే. ఏడాది కిందట చంటిపిల్లని చంకనేసుకుని వచ్చి పని అడిగిందట. మేమందరం మిషను పిన్ని అనేవాళ్ళం. తక్కువ మాట్లాడేది. మాట్లాడితే "అలాగేనండి", "కాదండి", "వచ్చేశానండి" అంతే. మాది కైకలూరండి అనేది. వాళ్ళ పాపకి అప్పటికి మూడేళ్ళు ఉంటాయేమో, గుడ్డ పీలికలతో ఆడుకుంటూ తల్లి కాళ్ళ దగ్గరే ఉండేది.

ఒకరోజు నాకు ఒక సంగతి తట్టింది. ఊళ్ళో ఉన్న ప్రతి మనిషినీ ఏం కూర అని అడిగే తాతయ్య, మిషను పిన్నిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడని ఎవరైనా ఏదైనా అడిగినా, ఈయనే అందుకుని జవాబు చెప్పేసేవారు. ఓహో, ఈవిడది ఏ ఊరో తాతయ్యకి చిక్కలేదు, అందుకే అడగడం లేదు, అనుకున్నాను. అంతే, నాకు నిద్ర పట్టలేదు. తాతయ్య కనిపెట్టలేనిది నేను కనిపెట్టాలి. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా ఆ అరుగు చుట్టూ తిరిగాను. ఆవిడ దారం తెంపుతుంటే వింటున్నాను, నీళ్ళు తాగుతుంటే వింటున్నాను. ఏమీ చిక్కలేదు. మాట మాటకీ అండీ తగిలించే మెత్తని మా గోదావరి మాటే.

శ్రావణమాసం, కొట్టు కిటకిటలాడుతోంది. పాప అరుగు అంచున ఆడుతూ ఆడుతూ మెట్ల మీంచి బోర్లా పడింది. మిషను పిన్ని గుండె జారిపోయినట్టు లేచి, "ఓలమ్మ! గుంట పడిపోనాదీ!" అని అరిచింది.

పిల్ల గడ్డం కింద చీరుకుపోయి రక్తం కారుతోంది. నేను చూశాను. చూసి కూడా, ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. చప్పట్లు కొట్టాను. కొట్టు నిండా జనం ఉండగా, "తెలిసిపోయింది తాతయ్యా! పిల్లని గుంట అంది! మిషను పిన్నిది కైకలూరు కాదు, శ్రీకాకుళం! నా జీడి నాకిచ్చేయి!" అని గొంతెత్తి అరిచాను.

మిషను పిన్ని నావైపు చూసిన చూపు కోపమైతే బాగుండేది. కోపం కాదది, భయం. ఆ సమయానికి కండువాల బేరగాడు ఒకాయన కొట్లో ఉన్నాడు. ఆ వైపు నుంచే రెండు మూడు నెలలకోసారి సరుకు తెచ్చి కొట్లకి వేస్తుండేవాడు. "మా వైపు మనిసివేనేటమ్మా? ఏ ఊరేటి?" అని సంబరంగా లేచి వచ్చాడు. ఆవిడ జవాబు చెప్పకుండా పిల్లనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తాతయ్య పసుపు తీసుకుని ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళారు. ఆ రోజు నాకు జీడి అందలేదు.

సాయంత్రం మామ్మ నన్ను పెరట్లోకి పిలిచి అసలు సంగతి చెప్పింది. మిషను పిన్ని మొగుడు జ్వరంతో పోయాడట. పిల్ల మా వంశం మొలక, మా దగ్గరే ఉంటుంది, నువ్వు మీ పుట్టింటికి పో అన్నారట అత్తవారు. పుట్టింట్లో ఎవరూ లేరు. ఆవిడ పిల్లనెత్తుకుని రైలెక్కి, టిక్కెట్టు ఎందాకా ఉంటే అందాకా వచ్చి, మా గూడెంలో దిగింది. వాళ్ళకి తెలిస్తే వచ్చి పిల్లని లాక్కుపోతారు. తాతయ్యకి ఇదంతా మొదటిరోజే తెలుసు. పని అడగడానికి ఆవిడ నోరు విప్పగానే ఏ వైపో పోల్చుకున్నారు. ఆ తరువాత రోజూ కొట్టు తెరవకముందు కూర్చోబెట్టి, ఇలా అనకమ్మా, ఇలా అనమ్మా అని మన మాట నేర్పించింది ఆయనే. "పెదవి దాటితే పృథివి దాటుతుందే తల్లీ" అంది మామ్మ. ఆ బేరగాడు అప్పటికే సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రైలు కూత వినబడితే ఎక్కడున్నా లేచి నిలబడేదాన్ని. స్టేషను వైపు నుంచి ఎవరు నడిచొస్తున్నా గుమ్మంలోకి పరిగెత్తి మొహం చూసేదాన్ని. బడిలో పలకమీద లెక్క వేస్తుంటే మధ్యలో ఆగిపోయేది. తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే కాస్త నెమ్మదించేదాన్నేమో. మిషను పిన్ని అరుగు మీంచి లోపలి గదిలోకి మారింది. బట్టల మూటల మధ్య, తెర వెనకాల కుట్టుకునేది. నేను వెళ్ళి పాపని ఆడించేదాన్ని. ఆవిడ వద్దనేది కాదు, నాతో మాట్లాడేది కూడా కాదు. పాప గడ్డం కింద గాయం మానుతోంది, మచ్చ మాత్రం పోయేలా లేదు.

మూడోవారం ఒకతను వచ్చాడు. పొడుగ్గా, మాసిన పంచెతో, చేతిలో గుడ్డసంచితో. మధ్యాహ్నం, కొట్లో ఇంకెవరూ లేరు. నేను తెర వెనకాల పాపకి పీలికలతో బొమ్మ చేస్తున్నాను. ఆ గొంతు వినగానే మిషను పిన్ని చేతిలో సూది అలాగే ఆగిపోయింది. బావగారు, అని పెదవులతో మాత్రం అంది.

"ఇక్కడ మా వైపు మనిసి ఒకావిడ మిసను కుడతాదని ఇన్నాను బాబూ. సిన్న గుంట కూడా ఉంటాది. మా తమ్ముడి పెళ్ళాం. అలిగొచ్చీసినాది. మాయమ్మ మనవరాల్ని సూడాలని అన్నం మానీసినాది."

"కూర్చోండి బాబూ, ముందు కూర్చోండి. మంచినీళ్ళు పుచ్చుకోండి," అంటున్నారు తాతయ్య. ఎప్పటి గొంతే. ఇంకాసేపట్లో, మిషను కుట్టే ఆవిడది కైకలూరండీ, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది, అని మెల్లగా చెబుతున్నారు. అంతా అయిపోతోంది అనుకున్నాను. అప్పుడు నా ఒళ్ళో ఉన్న పాప, కొత్త గొంతు విని, స్పష్టంగా, గంట కొట్టినట్టు, "అమ్మా, ఎవులే?" అంది. ఎవరే అని, అచ్చం వాళ్ళ వైపు మాటలో.

బయట కుర్చీ కిర్రుమంది. అతను లేచాడని తెలిసింది. మిషను పిన్ని పిల్ల నోరు మూసి గుండెకి అదుముకుంది. వెంటనే తాతయ్య గొంతు, ఎన్నడూ లేనంత గట్టిగా వినిపించింది. "అమ్మడూ! మళ్ళీ మొదలెట్టావూ? వచ్చినవాళ్ళని వెక్కిరించకూడదని ఎన్నిసార్లు చెప్పాను? ఇలా బయటికి రా!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మిషను పిన్ని నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. తెర తొలగించుకుని ఒక్కదాన్నే బయటికి వచ్చాను.

"ఇదండీ మీ శ్రీకాకుళం మనిషి," అన్నారు తాతయ్య. "మా మనవరాలు. ఎవరి మాట వింటే వాళ్ళలా అనేస్తుంది. మొన్న మీ బేరగాడు విన్నది కూడా దీని గోలే. బాబుగారికి వినిపించమ్మా."

అప్పుడు ఆ నాటకం ఆడాను. నా జన్మలో అంత భయంతో ఎప్పుడూ ఆడలేదు. గుంటూరు ఆవిడలా "ఏందయ్యా, ఏం కావాలంట?" అన్నాను. సీమ ఆయనలా "యాడికి పోతాండావప్పా?" అన్నాను. అతని కళ్ళు ఇంకా తెర వైపే ఉన్నాయి. చివరికి మూడేళ్ళ పిల్లలా గొంతు సన్నం చేసి "అమ్మా, ఎవులే?" అన్నాను. వెంటనే గొంతు మార్చి "ఓలమ్మ! గుంట పడిపోనాదీ!" అన్నాను. మూడువారాల కిందట చప్పట్లు కొట్టి గెలిచిన మాట అది. నా నోట్లో చేదుగా తగిలింది. వెక్కిళ్ళు వచ్చేశాయి.

అతను కూర్చుండిపోయాడు. నవ్వలేదు, కోప్పడలేదు. ఏదో కూలిపోయినట్టు కూర్చున్నాడు.

తాతయ్య "భోజనం చేశారా?" అని అడిగారు. రైలెక్కిన దగ్గర్నుంచీ ఏమీ తినలేదట. ఇంట్లోంచి విస్తరి తెప్పించి అరుగు మీద వేయించారు. ఆనపకాయ పులుసు, కందిపచ్చడి. వడ్డించమని నన్నే పిలిచారు. నేను పోసిన పులుసు సగం విస్తరి బయటే పడింది. అతను నన్ను చూసి మెల్లగా, "మా గుంట కూడా అచ్చం నీలాగే మాటాడతాదమ్మా," అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, తాతయ్యకి దండం పెట్టి, స్టేషను వైపు వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు వెళ్ళాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ముసలావిడ నిజంగానే అన్నం మానేసిందేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. ఈ రెండూ నన్ను వదలవు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇవాళ అబద్ధం ఆడింది నేను. ఆ పాపం నాది, నీకు అంటదు," అన్నారు. ఇంకాసేపటికి, "ఎక్కడివాళ్ళో తెలుసుకునేది వాళ్ళకి కావలసింది చేతికివ్వడానికమ్మా. వాళ్ళని పట్టివ్వడానికి కాదు," అన్నారు. అంతే. ఒక జీడి తీసి ఇవ్వబోయారు. నాకు తినబుద్ధి కాలేదు.

అతను మళ్ళీ రావచ్చు. అందుకని నాలుగోరోజున ఆవిణ్ణి పంపించేశారు. ఎప్పుడూ ముదురు నీలాలే కొనే కొల్లేటి ఆవిడ ఒకరు, తాతయ్య మాట విని, మా లంకకి తీసుకెళతానండి, రవికలు కుట్టేవాళ్ళు లేక ఇబ్బందిగా ఉందండి, అంది. కైకలూరు దాకా బస్సు, అక్కడినుంచి దోనె. మిషను మాదే అయినా తాతయ్య దాన్ని గోనెలో కట్టించి బస్సు మీదకి ఎక్కించారు. ఏ లంకో నాకు చెప్పలేదు. నేను అడిగితే, "తెలియకపోతే నీ నోటికే సుఖం," అన్నారు.

బస్సు దగ్గర నేను పాప చేతిలో జీళ్ళ పొట్లం పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. మిషను పిన్ని వంగి నా చెవి దగ్గర, మొదటిసారి, దాచుకోకుండా తన మాటలో మాట్లాడింది. "ఏడవకు. నీ మీద నాకు కోపం నేదు. బేగి పెద్దదానివైపో గుంటా." ఏడాదిపాటు ఎవరికీ వినబడకుండా దాచుకున్న మాట అది. ఆ గుట్టు బయటపెట్టిన నా చెవిలోనే వేసి వెళ్ళింది. నన్ను ఎవరు ఎంత మెచ్చుకున్నా దాని ముందు దిగదుడుపే.

తరువాత రెండు మూడేళ్ళు నీలం చీరల ఆవిడ వచ్చినప్పుడల్లా, "బానే ఉన్నారండి, మీరు బెంగ పెట్టుకోకండి," అని తాతయ్యతో చెప్పి వెళ్ళేది. ఆ తరువాత తాతయ్య పోయారు, కొట్టు మూతబడింది, నాకు పెళ్ళయి ఏలూరు వచ్చేశాను. కబురు తెలిసే దారి లేకపోయింది. నా చెవి మాత్రం పనిచేస్తూనే ఉంది. ఆసుపత్రిలో నర్సు, ఇంటికి గ్యాసు తెచ్చే అతను, పక్క వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి, నోరు విప్పితే చాలు, ఏ వైపో తెలిసిపోతుంది. మీదే ఊరు అని మాత్రం ఎవరినీ అడగను. వాళ్ళంతట వాళ్ళు చెబితే, అలాగా అమ్మా, అంటాను.

కిందటేడు కైకలూరులో ఒక పెళ్ళికి వెళ్ళాం. రవిక చెయ్యి దగ్గర కుట్టు ఊడిపోతే, చేపల మేత అమ్మే కొట్ల వరసలో ఒక కుట్టుమిషను కొట్టు ఉందంటే వెళ్ళాను. అరవై దాటిన ఆవిడ, చుట్టూ నలుగురు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. "కూర్చోండి, ఇప్పుడే వేసిచ్చేస్తానండి," అంది. చక్కని కొల్లేటి మాట. మూలగా ఒక పాత మిషను, వాడకం లేకపోయినా నూనె రాసి, గుడ్డ కప్పి ఉంది. ఇలాంటి పాత మిషన్లు వందుంటాయి, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంతలో ఒక పిల్ల చేతిలోంచి పెద్ద కత్తెర జారి ఆవిడ పాదం పక్కనే పడింది.

"ఓలమ్మ!" అంది ఆవిడ.

అని, చటుక్కున నావైపు చూసింది, ఎవరైనా విన్నారా అన్నట్టు. ఆ చూపు నాకు తెలుసు. చప్పున తల దించుకున్నాను. మళ్ళీ తల ఎత్తితే చాలు, గడ్డం కింద మచ్చ ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పాప ఏమైందని అరవై ఏళ్ళుగా నన్ను నిలవనీయని ప్రశ్నకి జవాబు రెండడుగుల దూరంలో ఉంది. నోరు దురద పెట్టింది. అబద్ధమెందుకు, చాలా దురద పెట్టింది.

నేను తల ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న రవిక కుట్టునే చూస్తూ, "ఇవాళ ఏం కూరండీ?" అన్నాను.

ఆవిడ నా ఒళ్ళోంచి రవిక అందుకుంది. తరువాత మిషను తొక్కుతూ, "ఆనపకాయ పులుసండీ," అంది.